చుక్కల పంపు కింద బిందె

చి. హారికకు,

పెదతాత దీవెనలు. నువ్వు ఫోన్ చేసిన రోజు కంట్లో చుక్కలు వేసుకుని పడుకున్నాను, సరిగ్గా మాట్లాడలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి "రేడియో తరంగాలతో సెల్‌ఫోన్ ఛార్జింగ్" అని మీ బ్యాచ్ నలుగురూ పేరు రాసిచ్చేశారన్నావు. ఆ పేరు మార్చుకునే వీలుంటే రేపే మార్చండి. పని మాత్రం మానకండి, మంచి పని అది.

ముందు ఆ వీడియో సంగతి. రాగి తీగ చుట్టి వైఫై రౌటర్ పక్కన పెడితే ఎల్‌ఈడీ ధగధగా వెలిగిందన్నావు. అంత వెలుగు రావాలంటే రెండు మిల్లీవాట్లన్నా కావాలి. రౌటర్ నాలుగు దిక్కులకీ కలిపి చల్లేదే 100 మిల్లీవాట్లు. పైగా ఎవరూ వాడనప్పుడు అది ఊరికే ఉంటుంది, సెకనుకి ఓ పదిసార్లు "నేనున్నాను" అని చెప్పడం తప్ప. ఆ బల్ల కింద ఎక్కడో బ్యాటరీ సెల్ ఉండే ఉంటుంది తల్లీ.

అలాగని అంతా మోసమని కాదు. మీ నాన్న మొదటి ఫోన్ కొన్న రోజుల్లో, కాల్ వచ్చే ముందు పక్కనున్న స్పీకర్లో "టకటక టకటక" అని చప్పుడు వచ్చేది. ఫోన్ వెనక అంటించే లైటు స్టిక్కర్లు కొన్ని బ్యాటరీ లేకుండానే మిణుకుమిణుకుమనేవి. అప్పటి జీఎస్ఎమ్ (2జీ) ఫోన్ 900 మెగాహెర్ట్జ్‌లో ఒక్కో విడతకి రెండు వాట్ల దాకా వదిలేది. స్టిక్కరేమో దాని వీపుకే అంటుకుని ఉండేది. ఆ దగ్గరతనమే కిటుకు. దూరం రెట్టింపైతే అందేది నాలుగో వంతుకి పడిపోతుంది.

ఈ విద్య నాకు ఎలా అబ్బిందో చెప్తాను. మా ఊరు బెజవాడకి పది మైళ్ల లోపే. 1972 వేసవి సెలవుల్లో పౌడరు డబ్బా మీద ఎనామిల్ తీగ చుట్టి, పాత రేడియోలోంచి పీకిన, స్టేషన్ తిప్పే గ్యాంగ్ కండెన్సర్, ఒక ఓఏ79 డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చే జెర్మేనియం ముక్క) పెట్టి, రెండు కొబ్బరిచెట్ల మధ్య ఏరియల్ కట్టాను. ఎర్త్ చేతిపంపు గొట్టానికి. బ్యాటరీ లేదు, స్విచ్చే లేదు. హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకుంటే ఆకాశవాణి విజయవాడ కేంద్రం. ఇప్పటి లెక్కలో 837 కిలోహెర్ట్జ్ అది. రాత్రి పడుకున్నాక కూడా ఆ డబ్బా తలగడ పక్కన తనలో తాను పాడుకుంటూనే ఉండేది. స్టేషన్ వాళ్లు పంపిన తరంగమే నా చెవిలో పొరని కదిపేది. జగదీశ్ చంద్రబోసుకి గెలీనా స్ఫటికంతో తరంగాల్ని పట్టే సాధనం మీద అమెరికాలో పేటెంటు వచ్చింది 1904లో. మనం చేసేది ఆ పనే, కొత్త సామానుతో.

ఓ రోజు ఓఏ79 కాలు విరిగింది. చేతిలో ఉన్న బీవై127 పెట్టాను. ఇప్పటి 1ఎన్4007 లాంటి సప్లై డయోడ్ అది. వారం రోజులు చిన్న గురగుర కూడా లేదు. కాయిల్ తప్పనుకుని మూడుసార్లు విప్పి చుట్టాను. ఒక రేడియో మెకానిక్ చూసి నవ్వాడు. సిలికాన్ డయోడ్ తలుపు తీయాలంటే అర వోల్టు పైనే తోయాలి, గాలిలోంచి వచ్చేది అందులో ఎన్నో వంతు. అందుకే జెర్మేనియం. నువ్వు పని చేసే 900 మెగాహెర్ట్జ్‌లకి ఓఏ79 పనికిరాదు, ఎస్ఎంఎస్7630 లాంటి షాట్కీ రకం డయోడ్ తెప్పించుకో. లాబ్ డ్రాయర్లో ఉన్నది కదా అని ఏదో ఒకటి అతికించకు.

ఇప్పుడు లెక్క. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కకముందే ఇది కాగితం మీద చెయ్యాలి. 2013లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు అక్కడి 270 భూగర్భ రైల్వే స్టేషన్ల బయట కొలిచి అచ్చువేశారు. జీఎస్ఎమ్ 900 టవర్ల నుంచి సగటున చదరపు సెంటీమీటరుకి 36 నానోవాట్లు. వైఫై అయితే 0.18 నానోవాట్ మాత్రమే. ఎండలో అదే చోటికి 100 మిల్లీవాట్లు పడతాయి, పక్కన పెట్టి చూసుకో.

900 మెగాహెర్ట్జ్ దగ్గర మామూలు డైపోల్ (రెండు కడ్డీల) ఏరియల్ సుమారు 140 చదరపు సెంటీమీటర్ల మేర పడ్డదాన్ని పోగేస్తుంది. అంటే ఐదు మైక్రోవాట్లు. ఇంత నీరసమైన సిగ్నల్ దగ్గర డయోడ్ దాటి డీసీగా నిలిచేది పదో వంతు అనుకో, అర మైక్రోవాట్. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ నిండటానికి దగ్గర దగ్గర 69 వేల జౌళ్లు కావాలి. భాగించి చూడు. నాలుగు వేల మూడొందల ఏళ్ల పైనే. హరప్పా వాళ్లెవరో ప్లగ్గులో పెట్టి ఉంటే ఈపాటికి ఫుల్ అయ్యేది. మీ ప్రాజెక్టు పేరు మార్చమన్నది అందుకే.

అయితే అర మైక్రోవాట్ వృథా అనుకోకు. ఎండాకాలం చుక్కలు చుక్కలుగా వచ్చే పంపు కింద రాత్రి బిందె పెట్టి పడుకునేవాళ్లం, తెల్లారేసరికి నిండేది. నీ బిందె కండెన్సర్. 100 మైక్రోఫారడ్‌ది మూడు వోల్టుల నుంచి రెండుకి దిగితే 250 మైక్రోజౌళ్లు ఇస్తుంది. ఉష్ణోగ్రత ఒకసారి చూసి, బ్లూటూత్‌లో ఒక చిన్న మాట చెప్పి, మళ్లీ నిద్రపోవడానికి అది సరిపోతుంది. అర మైక్రోవాట్‌తో అంత పోగవ్వాలంటే ఎనిమిది నిమిషాలు పైన పడుతుంది. పడనీ. గదిలో వేడి క్షణక్షణం మారదు కదా.

కానీ బిందెకి చిల్లు ఉండకూడదు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మామూలు ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్‌లో లోలోపలే మైక్రో ఆంపియర్ దాకా కారిపోతుంది. మూడు వోల్టుల దగ్గర అది మూడు మైక్రోవాట్లు, నీకు వచ్చేదానికి ఆరు రెట్లు. సర్క్యూట్ అంతా సరిగ్గానే ఉంటుంది, వోల్టేజీ మాత్రం ఒకచోట ఆగిపోయి ఎక్కదు. సెరామిక్‌వి వాడు. పవర్ చూసుకునే చిప్పుకి కూడా జీతం ఇవ్వాలమ్మా. మీ గైడ్ చెప్పిన బీక్యూ25504 తన కోసం 330 నానో ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే ఒక మైక్రోవాట్. నీ సంపాదన అర, పనివాడి జీతం ఒకటి!

అందుకని నా మాట విను. ఊళ్లో తిరిగే తరంగాల మీద ఆశ పెట్టుకోకు. ఒక మూల నుంచి మీరే తరంగం పంపండి. టోల్ గేట్ దగ్గర కారు అద్దం మీది ఫాస్టాగ్ చేసేది అదే. అందులో సెల్ లేదు, పైనున్న రీడర్ పంపే తరంగంతోనే చిప్పు మేలుకుంటుంది. మేలుకున్నాక అది సొంతంగా ప్రసారం కూడా చెయ్యదు. వచ్చిన తరంగాన్నే కాస్త మార్చి వెనక్కి కొడుతుంది, చిన్నప్పుడు అద్దం ముక్కతో ఎదురింటి గోడ మీద ఎండ కొట్టేవాళ్లం చూడు, అలా. 2017లో వాషింగ్టన్ యూనివర్సిటీలో శ్యామ్ గొల్లకోట బృందం ఈ ఉపాయంతోనే బ్యాటరీ లేని ఫోన్ చేసి మాట్లాడించింది. దానికి కావలసింది మూడున్నర మైక్రోవాట్లే.

మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు అక్కర్లేదు, నాలుగు వాట్ల ఈఆర్‌పీ (ఏరియల్ బలం కూడా కలిపిన లెక్క) వరకు వాడుకోవచ్చు. అంత బలంతో పంపితే ఐదు మీటర్ల దూరంలో మీ డైపోల్‌కి మూడొందల మైక్రోవాట్లు అందుతాయి. సగంలో సగం నిలిచినా అదే కండెన్సర్ నాలుగు సెకన్లలోపు నిండుతుంది. కాలేజీలో ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్, అంటే ఫాస్టాగ్ లాంటివి చదివేది, ఉందేమో అడుగు. అంతేగానీ మొబైల్ బ్యాండ్లో సొంత ట్రాన్స్‌మిటర్ కడతామని మీ బ్యాచ్‌లో ఎవరన్నా అంటే వెంటనే ఆపెయ్. అది కేసు అయ్యే వ్యవహారం.

బ్రెడ్‌బోర్డు (తీగలు గుచ్చి సర్క్యూట్ కట్టే పలక) మీద మాత్రం చెయ్యకు. పక్క పక్క వరసల మధ్యే రెండు మూడు పికోఫారడ్లు ఉంటాయి, 900 దగ్గర అది సగం సిగ్నల్‌కి దొంగదారి. చిన్న పీసీబీ చేయించు, ఏరియల్‌కీ డయోడ్‌కీ మధ్య తోవ వీలైనంత పొట్టిగా ఉంచు. ఏరియల్‌కీ డయోడ్‌కీ పొత్తు కుదిరిందా, అంటే మ్యాచింగ్, చూడ్డానికి నానోవీఎన్ఏ అనే చిన్న కొలత పరికరం ఎక్కడన్నా రెండు రోజులకి అరువు తెచ్చుకో, నెల రోజుల పని రెండు గంటల్లో తేలుతుంది. వోల్టేజీ చాలట్లేదని వోల్టేజీ పెంచే మల్టిప్లయర్ దశలు ఒకదాని మీద ఒకటి పేర్చాలనిపిస్తుంది. ప్రతి దశా తన వాటా తినే పంపుతుంది. ఒకటి, మహా అయితే రెండు.

వైవాలో "సోలార్ ముక్క పెడితే పోయేదానికి ఇదెందుకు?" అని అడుగుతారు, అడక్కుండా వదలరు. టెన్షన్ పడకు. వెలుగు ఉన్నచోట సోలారే మేలని ఒప్పేసుకో. మూత పెట్టిన ధాన్యం గాదెలో, గోడ లోపల, వెయ్యి పెట్టెల గోడౌన్లో వెయ్యి సెల్‌లు మార్చాల్సిన చోట ఇది ఎందుకో చెప్పు. గాదె అయితే నాకు నచ్చింది. మీ అమ్మమ్మ గాదె ఖాళీగానే ఉంది, సెలవుల్లో వచ్చి పెట్టి చూడు. అయితే తడి గింజల్లోంచి తరంగం సరిగ్గా పోదు, అదీ కొలవాల్సిందే.

మీ నాన్న శనివారం వస్తున్నాడు. అగ్గిపెట్టెలో దూదేసి మూడు ఓఏ79లు పంపిస్తున్నాను, ప్రాజెక్టుకి కాదు. ముందు ఒక ఆదివారం పౌడరు డబ్బా రేడియో కట్టు. ఏరియల్ కరెంటు తీగలకి దూరంగా ఉండాలి, ఉరుములప్పుడు విప్పెయ్యాలి. హెడ్‌ఫోన్ హై ఇంపిడెన్స్‌దే, అంటే అతి కొద్ది కరెంటుకే పలికేదే కావాలి, నీ చెవుల్లో ఉండేవి పనికిరావు. నా పాతది మీ నానమ్మ బీరువాలో ఉంది, తాళం ఆవిడ దగ్గరే.

ఇట్లు,
పెదతాత