ఆటోమేటిక్ గేటు తగిలి డోర్ సొట్టపోతే

లోపలికి వస్తుండగానే గేటు మూసుకుని మీ కారు డోర్ సొట్టపోయింది, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లేమో తప్పు మీదే అంటున్నారు, అంతే కదండీ? ముందు సీసీటీవీ ఫుటేజ్ భద్రపరచమని ఈరోజే రాతపూర్వకంగా అడగండి. కొన్నాళ్లకు పాత రికార్డింగ్ చెరిగిపోతుంది. గేటు పక్కన స్తంభానికి ఉండే చిన్న సెన్సర్‌ని దగ్గరగా ఫోటో తీయండి. దానికి బండి అడ్డొస్తే గేటు ఆగాలి, లేదా వెనక్కి వెళ్లాలి. సెన్సర్ చెడిపోయి గేటు మూసుకోకపోతే కొందరు దాన్ని బైపాస్ చేసేస్తారు, అంటే సెన్సర్ లేకుండానే గేటు నడిచేలా వైర్లు మార్చేస్తారు. వైర్లు ఊడి కనిపిస్తే మీ వాదన చాలా బలపడుతుంది. మెయింటెనెన్స్ రికార్డు, వాళ్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ (ఇతరులకు జరిగిన నష్టానికి చెల్లించే బీమా) వివరాలు కూడా అడగండి. ముందు వెళ్లే కారు వెనకాలే దూరి ఉంటే మాత్రం కొంత బాధ్యత మీపై పడొచ్చు. మీ కారు ఇన్సూరెన్స్‌లో సొంత డ్యామేజీ కవర్ (మీ కారుకే జరిగిన నష్టానికి చెల్లించేది) ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పండి, క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందేమో కనుక్కోండి. అప్పటిదాకా రిపేర్ మొదలుపెట్టించకండి.