క్షమిస్తే అవతలివాళ్లకి లోకువైపోమా? పగ నిజంగా ఆగుతుందా?

మీ తమ్ముణ్ని కొట్టినవాళ్లు ఊళ్లో దర్జాగా తిరుగుతున్నారు, పాస్టరుగారేమో క్షమించమంటున్నారు, బంధువులేమో చేతకానివాళ్లంటున్నారు, ఎవరి మాట వినాలని అడిగారు. నేను బోధకుణ్ని కాను. పుత్తూరు దగ్గర పల్లెలో ఇలాంటి కక్ష మధ్యే పెరిగి, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. తెలిసింది చెప్తాను.

మాది గట్టు తగాదా. గట్టు మీది మామిడిచెట్టు ఎవరిదన్న దగ్గర మొదలై మా పెదనాన్న చెయ్యి నరికేదాకా పోయింది. అవతలివాళ్లూ పరాయివాళ్లు కాదు, దాయాదులే. దానికి మావాళ్లు వాళ్ల వామికి నిప్పు పెట్టారు. వాళ్లు మా చెరకు కాల్చారు. ఎవరు దెబ్బ కొడితే వాళ్లకి లెక్క సరిపోయినట్టుంటుంది, తిన్నవాళ్లకి మాత్రం బాకీ మిగిలే ఉంటుంది. రెండు పక్షాలూ ఒప్పుకునే లెక్కంటూ ఎప్పటికీ ఉండదు. పగ ఆగకపోవడానికి నాకు కనబడే కారణం ఇదే.

బైబిల్లో ఈ లెక్క చాలా ముందే వస్తుంది. ఆదికాండము నాలుగో అధ్యాయంలో లెమెకు అనేవాడు తనను గాయపరిచినందుకు ఒకణ్ని చంపానని భార్యలతో గొప్పగా చెప్పుకుంటాడు. తమ్ముణ్ని చంపిన తన పూర్వీకుడు కయీను కోసం ఏడంతలు పగ తీరితే తన కోసం డెబ్బై ఏడంతలట. మత్తయి సువార్త 18లో శిష్యుడు పేతురు ఏడుసార్లు క్షమిస్తే చాలా అని అడిగితే యేసు ఏడు డెబ్బైలసార్లు అంటాడు. లెమెకు లెక్కనే తిరగేశాడని నాకనిపిస్తుంది. ఆ వెంటనే చెప్పిన కథ చూడండి. రాజుకి పదివేల తలాంతులు బాకీపడ్డ దాసుడు మాఫీ పొంది బయటికొచ్చి, తనకి నూరు దేనారాలు ఇవ్వాల్సినవాడి గొంతు పట్టుకుంటాడు. దేనారమంటే ఆ కాలపు ఒకరోజు కూలి, తలాంతు అలాంటివి సుమారు ఆరువేలు. అంటే వీడికి మాఫీ అయింది ఆరు కోట్ల రోజుల కూలి, వీడు వదలనిది వంద రోజుల కూలి. ఉపాధి హామీ చట్టం 2005లో ఒక కుటుంబానికి ఏడాదికి హామీ ఇచ్చిన పని కూడా వంద రోజులే, దానికోసం మన పల్లెల్లో జనం ఎంత కొట్లాడారో తెలుసు కదా. కాబట్టి మీ తమ్ముడికి జరిగింది చిన్నదని ఆ కథ అనడం లేదు. ముందు తాను మాఫీ పొందినవాడు ఇంకొకడి గొంతు పట్టుకోకూడదు అంటోంది. క్రైస్తవులు కృప అనేది దీన్నే.

ఇది చర్చిలోనే పుట్టిందని నేననను. మా పక్క ఊళ్లలో ధర్మరాజుగుడి దగ్గర రోజుల తరబడి భారతం ఆడతారు. దుర్యోధన వధ నాడు మట్టితో అంత పొడుగు బొమ్మ చేస్తారు, ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది, జనం తోసుకుంటూ వస్తారు. భాగవతంలో అదే ద్రౌపది, నిద్రపోతున్న తన ఐదుగురు కొడుకుల్ని చంపిన అశ్వత్థామను వదిలెయ్యమంటుంది, వాడి తల్లి తనలా ఏడవకూడదని. ఆ ఘట్టానికి ఏ ఊళ్లోనూ అంత జనం రావడం నేను చూడలేదు.

మా ఇంట్లో పగని ఆపింది పెద్దమ్మ. కొడుకు పెద్దవాడయ్యేసరికి బంధువులు రెచ్చగొట్టడం మొదలుపెట్టారు. "నా బిడ్డ జైలుకి పోతే మీరొచ్చి కూడు పెడతారా? మీ ఇండ్లకి పోండి" అని తరిమేసింది. చావుకీ బతుక్కీ మాటల్లేని ఆ దాయాదుల ఇంట్లో ముసలామె పోతే వెళ్లి ఓ పక్కన కూచుని వచ్చింది. ఎవరూ పలకరించలేదట. అయితే పెదనాన్న చెయ్యి నరికిన కేసు వాయిదాకొచ్చినప్పుడు మాత్రం బోనెక్కి జరిగింది జరిగినట్టు చెప్పింది. క్షమించానంటివే అని అవతలివాళ్లు నిలదీస్తే, "నేనేం చెయ్యనంటిని గానీ అబద్ధం చెప్తానంటినా?" అంది. నరికినవాడికి శిక్ష పడింది. ఆ తర్వాత మాత్రం ఏ తోటా కాలలేదు. రెండిళ్లూ ఒకటైపోయాయని అనుకోకండి, ఇప్పటికీ ఎదురుపడితే తల ఊపడం వరకే.

ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మిషనరీ గ్లాడిస్ స్టెయిన్స్ సంగతీ అంతే. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆమె భర్త గ్రాహమ్‌ని, పదేళ్ల ఫిలిప్‌ని, ఆరేళ్ల తిమోతిని జీపులో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆమె హంతకుల్ని క్షమించానని చెప్పి, కూతురితో బారిపదలోనే ఉండి కుష్ఠు రోగుల సేవ కొనసాగించింది. కేసు ఆగలేదు. ప్రధాన దోషి దారా సింగ్‌కి పడ్డ ఉరిశిక్షను హైకోర్టు 2005లో యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది.

ఇంకో మాట కటువుగానే చెప్తాను. మన ఊళ్లలో క్షమించమనే సలహా ఎప్పుడూ బలహీనుడికే వస్తుంది. "మీ దేవుడే క్షమించమన్నాడు కదా, కేసు తీసేసుకోండి" అని దళితవాడ క్రైస్తవులతో పెద్దమనుషులు అనడం నా చెవులారా విన్నాను. అది క్షమ కాదు, పంచాయితీ. రోమా పత్రిక 12లో పౌలు పగ తీర్చుకోవద్దన్నాడు, నిజమే. మరుసటి అధ్యాయంలోనే నేరానికి శిక్ష వేసే పని అధికారులదని కూడా రాశాడు. ఆ పేజీ ఎవరూ తిప్పరు.

మీ తమ్ముడి విషయంలో ఫిర్యాదు వెనక్కి తీసుకోకండి. గొడవ ముదిరేలా ఉంటే అవతలివాళ్లని తహసీల్దారు ముందు బైండోవర్ చెయ్యమని, అంటే మళ్లీ గొడవకి రాకుండా పూచీకత్తు రాయించుకోమని, పోలీసుల్ని అడగండి. తమ్ముణ్ని కొన్నాళ్లు తిరుపతికో చెన్నైకో పంపండి, రెచ్చగొట్టే బంధువులకి దూరంగా. క్షమించడం సంగతి అతనే తేల్చుకోవాలి. గాయం అతనిది, అతని తరఫున మీరు గానీ పాస్టరుగారు గానీ క్షమించలేరు. పాస్టరుగారిని ఈలోగా అతనితో ఆస్పత్రికీ, వాయిదాలకీ తోడు రమ్మనండి.