చెన్నై తేమకు తగిన గొర్రె ఏది?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. ఉద్యోగరీత్యా చెన్నై అంబత్తూరులో స్థిరపడ్డాము. ఊత్తుకోట దగ్గర మూడెకరాల మెట్ట ఉంది. అక్కడ పాతిక గొర్రెలతో మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళు నెల్లూరు గొర్రెల్లో ఒక రకమైన జోడిపిని తెచ్చుకోమంటున్నారు. ఒక దళారి మాత్రం డార్పర్ సంకర పొట్టేలును దాటిస్తే పిల్లలు త్వరగా బరువెక్కుతాయంటున్నాడు. ఏది మేలు?
— ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: ఈ రెండింటికన్నా ముందు, మీ పొలం చుట్టుపక్కల మందల్లో ఇప్పటికే తిరుగుతున్న మద్రాస్ రెడ్ గొర్రెను చూడండి. తిరువళ్లూరు, కాంచీపురం, చెంగల్పట్టు జిల్లాలే దాని పుట్టిల్లు. ఒళ్ళంతా ఎరుపు నుంచి ముదురు గోధుమ రంగు దాకా పొట్టి వెంట్రుకలే తప్ప ఉన్ని ఉండదు; పొట్టేలుకు మెలితిరిగిన కొమ్ములుంటాయి, ఆడగొర్రె బోడిది. ఎదిగిన ఆడగొర్రె సుమారు 25 కిలోలు తూగుతుంది కాబట్టి సంతలో ఇది చూపుకు ఆనదు. చెన్నై వాతావరణంలో దానికి కలిసివచ్చేది ఆ చిన్న ఒళ్ళే.

గొర్రె తన ఒంటి వేడిని చాలావరకు రొప్పుతూ, ఊపిరి వెంట తేమను ఆవిరి చేసి బయటికి పంపుతుంది. గాలి పొడిగా ఉన్నచోట ఈ పని సులువుగా సాగుతుంది గాని, తీరప్రాంతంలో గాలే తడితో నిండి ఉన్నప్పుడు ఎంత రొప్పినా వేడి సరిగా దిగదు. అటువంటప్పుడు బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువగా ఉండే చిన్న గొర్రె, పలుచని వెంట్రుకల గొర్రె త్వరగా తేరుకుంటాయి. డార్పర్‌ను 1930ల దశకంలో దక్షిణాఫ్రికాలో, డార్సెట్ హార్న్, బ్లాక్‌హెడ్ పర్షియన్ జాతులను కలిపి, వానలు తక్కువ పడే ప్రాంతాల కోసం రూపొందించారు. అది ఎండకు ఓర్చుకుంటుందన్న మాట నిజమే, అయితే అది పొడి ఎండ. పైగా చిన్న ఆడగొర్రెలకు భారీ పొట్టేలును దాటిస్తే కడుపులో పిల్ల పెద్దదై ఈత కష్టమయ్యే ప్రమాదం ఉంది. పిల్లలు బరువెక్కుతాయన్న దళారి మాట అబద్ధం కాకపోవచ్చు; ఆ బరువుకు తగిన మేత ఎవరు పెడతారో మాత్రం ఆయన చెప్పడు.

జోడిపిని తక్కువ చేయడం లేదు. మన దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన గొర్రెలు నెల్లూరువే. కాని ఆ పొడవాటి కాళ్ళు దూరం నడిచి మేయడానికి అలవాటు పడినవి, మీ దగ్గర ఉన్నది మూడెకరాలు. మంచి మద్రాస్ రెడ్ పొట్టేలు కోసం తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం వారి కాట్టుపాక్కం కేంద్రంలో విచారించండి. పాతిక ఆడగొర్రెలకు ఒక పొట్టేలు చాలు. రెండేళ్ళకొకసారి దాన్ని మార్చకపోతే తన కూతుళ్ళనే దాటుతుంది.

గొర్రె ఎండకన్నా కడుపులోని నట్టలతోనే ఎక్కువగా చిక్కిపోతుంది. నట్టల పిల్లపురుగులు తడి ఉన్నంతసేపు గడ్డి పరకల మీదికి పాకుతాయి కాబట్టి మంచు ఆరిన తరువాతే మందను వదలండి. మిట్టమధ్యాహ్నం నీడకు చేర్చండి. వారానికొకసారి కింది కనురెప్పను బొటనవేలితో కిందికి లాగి లోపలి పొరను చూడండి. అది ఎర్రగా ఉంటే ఫరవాలేదు. పాలిపోయి తెల్లబడితే నట్టలు రక్తం పీలుస్తున్నాయని అనుమానించి, ముందు ఆ గొర్రెకు మందు తాగించాలి. ఆవుల కోసం అమ్మే ఖనిజ లవణ మిశ్రమాన్ని గొర్రెలకు పెట్టవద్దు. ఆవులకు చాలినంత రాగి గొర్రెకు విషమవుతుంది.

ప్రశ్న: మా గొర్రెలు జూన్, జూలై నెలల్లో పొట్టేలు దాటినా చూలు నిలవడం లేదు. లోపం గొర్రెలదా?
— ఒక పాఠకురాలు, గుమ్మిడిపూండి

జవాబు: ముందు పొట్టేలునే అనుమానించండి. వీర్యకణం తయారు కావడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది; మే నెల వడగాలిలో దెబ్బతిన్న పొట్టేలు, చూపుకు హుషారుగానే ఉన్నా, ఆ ఫలితాన్ని జూలై దాకా మోస్తుంది. ఏప్రిల్ నుంచే దాన్ని పగటి పూట గాలి ఆడే పాకలో కట్టి, చల్లని నీళ్ళు అందుబాటులో ఉంచండి. దాటిన గొర్రె 17 రోజులకు మళ్ళీ ఎదకు వస్తే చూలు నిలవలేదని అర్థం.

ప్రశ్న: ఐప్పసి (అక్టోబరు, నవంబరు) వానల్లో మందలో కొన్నింటికి జ్వరం, పెదవుల వాపు, కుంటడం కనిపిస్తున్నాయి. దేశవాళీ గొర్రెకు నీలినాలుక రాదంటారు కదా?
— ఒక పాఠకుడు, రెడ్‌హిల్స్

జవాబు: వస్తుంది. దక్షిణాది దేశవాళీ మందలు ఈ వ్యాధితో నష్టపోతూనే ఉన్నాయి. క్యూలికాయిడ్స్ అనే చిన్న కుట్టే ఈగలు దీన్ని మోసుకొస్తాయి. తడిసిన పేడ, బురద వాటికి పుట్టుచోట్లు. జబ్బుపడిన వాటిని వేరు చేసి మెత్తని మేత, గంజి పెడుతూ పశువైద్యుడికి చూపించండి. వచ్చే ఏడాది టీకాను వానలకు ముందే, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వేయించండి. జ్వరం మొదలయ్యాక వేసి లాభం లేదు.