రాకెట్ మనది, ఉపగ్రహం ఎవరిది?

ప్రశ్న: మాస్టారూ, అమెరికాకు వేల ఉపగ్రహాలుంటే మన ఇస్రోకు వంద కూడా లేవంటున్నారు. 2017లో ఒక్క రాకెట్‌తోనే 104 పంపాం కదా, అవన్నీ ఏమయ్యాయి?
– డిగ్రీ విద్యార్థిని, పలాస

జవాబు: ఆ 104లో మనవి మూడేనమ్మా. 96 అమెరికావి, మిగతా ఐదూ తలా ఒక దేశానివి. ఎవరు పంపారన్నది కాదు, ఎవరు నడుపుతున్నారన్నదే లెక్క. బ్రిటన్ ఖాతాలో వన్‌వెబ్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఉపగ్రహాలు 600 పైచిలుకు ఉన్నాయి. వాటిలో 72 శ్రీహరికోట నుంచి వెళ్లినవే!

ప్రపంచం మొత్తం మీద పనిచేస్తున్న ఉపగ్రహాలు 10 వేలు దాటాయి. సగానికి పైగా స్టార్‌లింక్ అనే ఒక్క ఇంటర్నెట్ సర్వీసువే. అమెరికా అంత ముందుండటానికి కారణం అదే. తర్వాత చైనా. మన ప్రభుత్వం నడిపేవి 50 పైచిలుకు.

స్టార్‌లింక్‌వి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. అంత దగ్గర నుంచి ఒక్కోదానికి కనిపించే నేల కొంచెమే, దాన్నీ నిమిషాల్లో దాటిపోతాయి. అందుకే వేలు కావాలి. మన వాతావరణ ఉపగ్రహం ఇన్శాట్-3డీఆర్ దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి రాత్రీ పగలూ బంగాళాఖాతాన్ని చూస్తూనే ఉంటుంది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ మీ పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా కూలిపోయాయో నీకు తెలిసే ఉంటుంది. సముద్రంలో ఉండగానే ఆ తుఫాను ఎటు కదులుతోందో వాతావరణ శాఖ కనిపెట్టింది ఇన్శాట్ ఫొటోల సాయంతోనే. ఆ పనికి వందలు అక్కర్లేదు.

అలాగని సంఖ్యతో పనే లేదనుకోకు. భావనపాడు నుంచి వేటకెళ్లిన బోటు ఎక్కడుందో తెలియాలంటే ఒకేసారి కనీసం నాలుగు ఉపగ్రహాల సిగ్నల్ అందాలి. అమెరికా జీపీఎస్‌కు 30 దాకా ఉన్నాయి, ఒకటీ అరా మొరాయించినా ఇబ్బంది లేదు. జీపీఎస్ లాంటిదే మన నావిక్, దాన్ని ఏడింటితో కట్టుకున్నాం. వాటిలో కొన్నింటి పరమాణు గడియారాలు పాడయ్యాయి; అవి కచ్చితమైన టైమ్ ఇవ్వకపోతే చోటు లెక్క తేలదు. నావిక్ కోసమే 2025 జనవరిలో పంపిన ఎన్‌వీఎస్-02 ఉపగ్రహం చేరాల్సిన కక్ష్యకు చేరలేదు. వేల లెక్కలో అమెరికాతో పోటీ తర్వాత సంగతి. నన్నడిగితే ఇస్రో ముందు నావిక్‌నే నిలబెట్టాలి, అదీ ఒకటి రెండు స్పేర్ ఉండేలా.