గొళ్లెం గురించి నాలుగు వాక్యాలు

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటి పదకొండింటిలోనూ సముద్రమే. ఘోష, నురగ, ఏకాంతం, కెరటాల్లో మునిగిపోయే ఎర్రటి సూర్యుడు. కళింగపట్నంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కుంకేది ఊరి వెనకాల. ఆ అస్తమయం నీ కళ్లు చూసింది కాదు, ఎక్కడో చదివింది. పన్నెండో పేజీలో మాత్రం మేడ మీద గది గొళ్లెం బిగుసుకుపోతే కొబ్బరినూనె పోసి, చెక్కముక్కతో కొట్టి, ఆఖరికి స్క్రూలు ఊడదీసిన సంగతి నాలుగు వాక్యాల్లో ఉంది. ఆ నాలుగూ నీవి. వాటి కోసమే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ఆఫ్ సీజన్లో బీచ్ హాస్టల్ చూసుకుంటూ తీరిగ్గా రాసుకోవచ్చని పనికి ఒప్పుకున్నానన్నావు. తీరిక ఉండదు తమ్ముడూ. జూన్‌లో బడులు తెరిచిన దగ్గర్నుంచి కార్తీకమాసం పిక్నిక్‌లు మొదలయ్యేదాకా జనం రారు, నిజమే. కానీ మనుషులు మసలని ఇంటిని ఉప్పూ చెమ్మా కలిసి తింటాయి. వాటికి అడ్డం నిలబడడమే ఈ నాలుగైదు నెలల ఉద్యోగం. దాన్ని గట్టిగా నేర్చుకో. నీ రాతకు కావలసిన సరుకు ఆ పనిలోనే ఉంది.

ముందు డబ్బు సంగతి తేల్చుకో. జీతం ఎంత, ఏ తారీఖున ఇస్తారు, భోజనం ఎవరిది, గ్యాసు బండ, జనరేటర్ డీజిల్ ఎవరి లెక్కలోకి వస్తాయి, వారానికి ఒక రోజు సెలవు ఉందా, రాత్రి ఒక్కడివే ఉండాలా? ఇవన్నీ ఓనరు చేత ఒక కాగితం మీద రాయించుకో. మొదటి రోజే గది గదికీ తిరిగి విరిగినవీ, తుప్పు పట్టినవీ ఫోన్లో ఫొటోలు తీసి ఆయనకు పంపించు. అక్టోబరులో ఎవరి మీద ఎవరూ నెపం పెట్టనక్కర్లేదు.

ఇక ఉప్పు. ఒడ్డున కెరటం విరిగినప్పుడల్లా కంటికి ఆనని తుంపర గాల్లో కలుస్తుంది. అందులోని ఉప్పు కిటికీ ఊచల మీద, మడతబందుల మీద, ఏసీ డబ్బా రేకుల మీద పొరలా కూర్చుంటుంది. ఉప్పు గాల్లోని తేమను తనవైపు లాక్కుంటుంది కాబట్టి చుక్క వాన పడని రోజు కూడా ఆ పొర కింద ఇనుము తడిగానే ఉంటుంది. అంచేత తుప్పుకు మొదటి మందు రంగు కాదు, మంచినీళ్లు. సముద్రం వైపు ఊచల్నీ తలుపు సామాన్నీ వారానికోసారి మంచినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడు. ఏసీల బయటి డబ్బాలకు మెయిన్ ఆపేసి, పదిహేను రోజులకోసారి సన్నటి ధారతో కడుగు. ధార జోరెక్కువైతే లోపలి పలచటి రేకులు వంగిపోతాయి.

తుప్పు పట్టినదానికి రంగు వెయ్యాల్సి వస్తే వరస తప్పకు. వైరు బ్రష్‌తో రాలినంత రాల్చు, ఎమరీ పేపర్‌తో రుద్దు, తర్వాత మంచినీళ్లతో కడుగు. చాలామంది ఎగ్గొట్టేది ఈ కడగడమే. లోపల ఉప్పు ఉండిపోతే రంగు కిందనుంచి చెమ్మను లాగుతుంది, కొన్ని నెలలకే బొబ్బలు లేచి ఊడివస్తుంది. కడిగాక బాగా ఆరనిచ్చి, అదే రోజు పొద్దు వాలకుండా రెడ్ ఆక్సైడ్ పూసెయ్. గీకిన ఇనుమును ఒక్క రాత్రి వదిలినా తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. ఎనామిల్ రెండు చేతులు తర్వాత వేసుకోవచ్చు. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకు.

నీ గొళ్లెం మాట. అది అల్యూమినియంది, స్క్రూలు ఇనపవి అని రాశావు. ఒకదాన్నొకటి ముట్టుకునే రెండు వేరు వేరు లోహాల మధ్య ఉప్పునీరు చేరితే రెంటిలో ఒకటి తొందరగా అరిగిపోతుంది. ఇక్కడ అరిగేది అల్యూమినియం. స్క్రూ తల చుట్టూ తెల్లటి పిండిలా రాలిందన్నావే, అదే ఇది. అది ఉప్పు అనుకుని తుడిచేశావు. ఆ పిండి గొళ్లెమే. ఇత్తడి గొళ్లెం కొని ఇత్తడి స్క్రూలతో బిగించు, లేదా రెండూ స్టెయిన్‌లెస్‌వి తీసుకో. కొబ్బరినూనె ఆ పూటకు జారుతుంది గానీ తర్వాత ఇసుకను పట్టుకుని జిగురుగా మారుతుంది. గ్రీజు రాసి, ఎక్కువైంది గుడ్డతో తీసెయ్. ఇప్పుడు ఆ పన్నెండో పేజీ మళ్లీ తియ్యి. 'తెల్లటి ఉప్పు' అని రాసినచోట 'గొళ్లెం పిండిగా రాలుతోంది' అని రాసి చూడు. ఎంత తేడా వస్తుందో నీకే తెలుస్తుంది.

మూసి ఉన్న గదుల్లో ముక్కు బద్దలయ్యే కంపు గురించి రాశావు, సముద్రపు వాసన అనుకున్నావు. కాదు. బాత్‌రూం మూల జాలీ ఎత్తి చూడు. కింద వంపు తిరిగిన గిన్నెలాంటిది ఉంటుంది, ప్లంబర్లు నహానీ ట్రాప్ అంటారు. అందులో నిలిచిన నీళ్లే మురుగు గొట్టానికి మూత. ఎవరూ స్నానం చెయ్యకపోతే ఆ నీళ్లు ఆవిరైపోతాయి, మూత లేచిపోతుంది, కంపూ బొద్దింకలూ పైకొస్తాయి. అంచేత ప్రతి బాత్‌రూంలోనూ, వాష్ బేసిన్లోనూ వారానికి రెండు చెంబుల నీళ్లు పొయ్యి. పదిహేను రోజుల దాకా ఆ గదికి వెళ్లనని తెలిస్తే పైన రెండు చెంచాల నూనె వెయ్యి. నూనె తెట్టు కట్టి నీళ్లను ఆవిరి కానివ్వదు. ఫ్లష్ కూడా అప్పుడే లాగు. దోమ గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు కాబట్టి ట్యాంకుల్లో, కుండీల్లో, పాత టైర్లలో నిలవ నీరు వారం దాటకూడదు.

పరుపులు గోడకు ఆనించి పడుకోబెట్టకు. మంచాలు జానెడు ఇవతలికి లాగి, పరుపుల్ని మధ్యలో నిలువుగా నిలబెట్టు, గాలి రెండు వైపులా తగలాలి. కిటికీలు రోజంతా తెరిచి పెడితే మంచిదనుకుంటారు. వానాకాలంలో బయటి గాలే తడిగా ఉంటుంది. ఎండ కాసిన రోజున పదకొండు నుంచి మూడింటి దాకా తెరిచి, ఫ్యాన్లు వేసి, మళ్లీ మూసెయ్. డార్మిటరీ మంచాల అతుకులు, పరుపు కుట్లు టార్చి వేసి చూడు. నల్లులు రక్తం లేకుండా నెలల తరబడి బతుకుతాయి, గది ఖాళీగా ఉందని చచ్చిపోవు. నల్లటి చుక్కలు కనిపిస్తే దుప్పట్లు, గలీబులు మరిగే నీళ్లలో వేయించు, మందు కొట్టేవాళ్లను ఇప్పుడే పిలిపించు. సీజన్లో ఆ పనికి గది ఖాళీ దొరకదు.

జనరేటర్ వారానికోసారి పావుగంట, నాలుగు ఫ్యాన్లు వేసి మరీ నడపాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ గీత చూసుకో, టెర్మినల్స్‌కు వ్యాసలైన్ రాయి. గీజర్లో నీళ్లు లేకుండా స్విచ్ వెయ్యకు, కాయిల్ కాలిపోతుంది.

నీటి విషయం జాగ్రత్త. ఇసుక కింద మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, ఉప్పునీటి కంటే తేలిక గనక. బోరు ఆపకుండా తోడితే పైనున్న తీపి పొర పలచబడి కింది ఉప్పు పైకి పొంగుతుంది. ఒకసారి ఉప్పెక్కిన బోరు మళ్లీ తీపెక్కడానికి చాలా కాలం పడుతుంది. అరగంట తోడి, గంటో రెండు గంటలో ఆపి, మళ్లీ తోడు. ట్యాంకు కడిగి నింపాక వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్, కొంచెం నీళ్లలో కలిపి, పైన తేరిన నీళ్లు మాత్రం పొయ్యి. గంట ఆగి వాడుకో. పొడి డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే ఈ గాలికి సత్తువ పోతుంది. వాసన లేని పౌడర్ ఎంత వేసినా దండగే.

తుపాను సంగతి నిదానంగా చదువు. తిత్లీ 2018 అక్టోబరు 11న ఉద్దానం కొబ్బరినీ జీడినీ పడగొట్టింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26 రాత్రి కళింగపట్నం దగ్గరలోనే తీరం దాటింది. నీ ఉద్యోగం చివరి నెలలే వాటి నెలలు. పోర్టులో ఎగరేసే నంబర్లు నేర్చుకో. 1, 2 దూరపు హెచ్చరికలు, 3, 4 దగ్గరవి, 5 నుంచి ప్రమాదం, 8 నుంచి 10 పెను ప్రమాదం, 11 అంటే సమాచార సంబంధాలే తెగిపోయాయని. 3 పడ్డప్పుడే పని మొదలెట్టు, 8 కోసం చూడకు.

మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకుల్ని అంచుల దాకా నింపు. వెయ్యి లీటర్ల నీళ్లంటే వెయ్యి కిలోలు, గాలికి కదలదు. ఖాళీ ట్యాంకు ఎగిరిపోతుంది, పోతూ గొట్టాలను పీక్కుపోతుంది. బోర్డులు, కుర్చీలు, గొడుగులు లోపలికి తెచ్చి కట్టు. కొబ్బరి చెట్ల ఎండు మట్టలు, ముదురు గెలలు మనిషిని పెట్టి దింపించు. రేకుల షెడ్డు ఉంటే హుక్కు బోల్టులు ఒక్కొక్కటీ బిగించి చూడు. గాలి ముందు పట్టుకునేది వదులైన మూలనే. డీజిల్, మంచినీళ్లు, చోడిపిండి, అటుకులు, టార్చి సెల్లులు మూడు రోజులకు సరిపడా పెట్టుకో. గాలి హఠాత్తుగా ఆగితే తుపాను పోయిందని బయటికి రాకు, అది తుపాను నడిమధ్యన ఉండే కన్ను కావొచ్చు. కాసేపట్లో ఎదురు దిక్కునుంచి అంత జోరుగానూ వస్తుంది. అధికారులు ఊరు ఖాళీ చెయ్యమంటే హాస్టల్ తాళం వేసి షెల్టర్‌కు వెళ్లిపో. భవనం కాపాడ్డం నీ జీతంలో ఉంది, ప్రాణం పెట్టడం లేదు.

వచ్చే నలుగురైదుగురు అతిథులకూ వంశధార మొగ చూపించి ఒక మాట చెప్పు. పైన గొట్టా బ్యారేజీ గేట్లెత్తిన రోజున నది బురదరంగు తిరిగి సముద్రంలోకి తోస్తుంది, అక్కడ మోకాలి లోతు కూడా మోసమే. లోపలికి లాగే పాయలో ఎవరైనా చిక్కితే ఒడ్డుకు ఎదురీదకూడదు. ఒడ్డు వెంబడే పక్కకు ఈది, పాయ దాటాక తిరగాలి. ఈ మాటలు తెలుగులో పెద్దక్షరాలతో రాసి గేటుకు తగిలించు.

నీ పేజీల్లో 'నిర్మానుష్య తీరం' అని ఏడుచోట్ల వాడావు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకూ మోటారు బోట్లకూ వేట నిషేధం. జూన్ 15న అవి నీళ్లలోకి దిగుతాయి. అంటే నీకు ఆఫ్ సీజన్ మొదలయ్యే రోజుల్లోనే ఊరికి పని మొదలవుతోంది. తెల్లారి నాలుగింటికి పడవ తోసేవాళ్లు, గంపలతో ఎదురుచూసే ఆడవాళ్లు, ఐసు బళ్లు. లేనిది టూరిస్టులే. ఆ మాట ఏడుచోట్లా కొట్టేసి అక్కడ ఎవరున్నారో రాయి. గాలికీ నీటివాలుకీ వాళ్ల దగ్గర దిక్కుదిక్కుకో పేరుంటుంది. అడిగి, ఆ రోజు గాలి ఎటునుంచి వచ్చిందో పక్కనే రాసుకో. దిక్కు లేని పేరు తర్వాత ఎందుకూ పనికిరాదు.

వాచ్‌మన్ మాటలు రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. ప్రతి వాక్యానికీ 'ఏటి', 'బేగి' తగిలిస్తే శ్రీకాకుళం యాస కాదు, నాటకం అవుతుంది. ఆయన తాగేది చోడి అంబలి. నువ్వు దాన్ని రాగిజావ చేశావు. ముందు వస్తువుల పేర్లు ఆయన నోటివి పెట్టు. క్రియలు ఆయనవి రావడానికి నెల పడుతుంది, ఆ నెల విను.

రెండు పుస్తకాలు పెట్టుకో. ఒకటి పని పుస్తకం: తారీఖు, గాలి, ఏది చెడింది, ఏం చేశావు, ఎంత పట్టింది, ఎంత ఖర్చు. అందులో విశేషణం ఒక్కటి కూడా వద్దు. రెండోది నీ సొంతం. రాత్రి రెండోది రాసే ముందు మొదటిదాని ఆ రోజు పేజీ చదువుకో. కాగితం కూడా చెమ్మకు ఉబ్బి, సిరా పాకుతుంది. పుస్తకాల్ని, ల్యాప్‌టాప్‌ని గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టు, కిటికీ దగ్గర కూర్చుని రాయకు.

సెలవు రోజున శ్రీకాకుళం బస్సెక్కి కథానిలయానికి వెళ్లు. 1997 నుంచి తెలుగు కథల్ని పోగుచేస్తున్న చోటు అది. పనిచేసే మనుషుల కథలు అడిగి తీయించుకో. మనిషి చేతిలో పనిముట్టు ఉన్నచోట వాక్యం ఎలా నడిచిందో చూసి, ఒక పేరా నీ చేత్తో ఎత్తి రాసుకో.

వచ్చే నెలకు పన్నెండు పేజీలు వద్దు, రెండు చాలు. గొళ్లెం మార్చిన రోజు మొత్తం రాయి: స్క్రూలు ఎన్ని, ఎన్ని తలలు తెగాయి, ఇత్తడిది ఎంతకు, ఏ కొట్లో దొరికింది, పాత కంతలు వదులైతే అగ్గిపుల్లలు దోపావా, చెక్క బిరడా కొట్టావా. వాచ్‌మన్ ఆ గొళ్లేన్ని ఏమంటాడో కూడా అడుగు.

ఇట్లు,
నీ అన్నయ్య