రెండు భాషలు వచ్చు, ఇంటర్‌ప్రెటర్ అయిపోవచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. అమ్మ పుట్టిల్లు రాయగడ కావడంతో తెలుగు, ఒడియా రెండూ చిన్నప్పుడే వచ్చేశాయి. అటు నుంచి విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రికి వచ్చే చుట్టాలకి డాక్టర్ల దగ్గర మాటసాయం నేనే. బాగా చెప్తావంటారు గానీ, డాక్టరు గబగబా నాలుగు విషయాలు చెప్తే రెండు ఎగిరిపోతాయి. నాకిప్పుడు 36. శిక్షణ తీసుకుని దీన్నే వృత్తిగా చేసుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా. వయసు ఈ పనికి అడ్డు కాదు, పదిమందితో మసిలిన అనుభవం కలిసొస్తుంది కూడా. మర్చిపోతున్నానని కంగారు పడకండి, విన్న మాటలన్నీ మోసుకుపోవాలని చూస్తే ఎవరికైనా అంతే. విషయం పట్టుకోవడం నేర్చుకోవాలి.

డాక్టరు ఇలా అన్నారనుకోండి: “బీపీ మాత్ర పొద్దున్న, షుగర్ మాత్ర తిన్నాక, రెండు వారాలాగి రక్తపరీక్ష చేయించుకుని రండి, ఈలోగా ఆయాసం వస్తే మాత్రం ఆగకుండా వచ్చేయండి.” చేతిలో చిన్న నోట్‌బుక్ ఉండాలి. అందులో “బీపీ”, పక్కన “పొ”. దాని కింద “షు”, పక్కన కంచంలా ఒక సున్నా. ఆ కింద “2 వా”, బాణం గుర్తు, “రక్తం”. అడుగున “ఆయాసం” అని రాసి రెండు గీతలు. అంతే. చాలామంది పూర్తి వాక్యాలు రాయబోయి వినడం మానేస్తారు. అంకెలు, తేదీలు, మందుల పేర్లు మాత్రం ఎంత జ్ఞాపకశక్తి ఉన్నా రాసి తీరాలి. డాక్టరు ఆగకుండా చెప్పుకుపోతుంటే మొహమాటపడకుండా చెయ్యెత్తి ఆపండి.

ఇంతకంటే కష్టం ఇంకోటుంది. పేషెంటు “నాకు కడుపులో మంట” అంటే మీరూ “నాకు కడుపులో మంట” అనే చెప్పాలి, “ఈవిడకి కడుపులో మంటటండీ” అనకూడదు. మొదట్లో నవ్వొస్తుంది, కానీ ఎవరి మాట ఎవరిదో తికమక లేకుండా ఉండే దారి ఇదొక్కటే. మీకే అర్థం కాక ఏదైనా అడగాలంటే, ఇంటర్‌ప్రెటర్‌గా నేను అడుగుతున్నానని ముందే చెప్పేయండి. డాక్టరు క్యాన్సర్ అన్నప్పుడు పెద్దావిడ బెంగపెట్టుకుంటుందని “ఏదో చిన్న గడ్డట” అనడం చుట్టరికంలో చెల్లుతుందేమో గానీ వృత్తిలో చెల్లదు, ఎందుకంటే ఆపరేషన్‌కి ఒప్పుకోవాలో వద్దో ఆవిడ ఆ మాటని బట్టే తేల్చుకుంటుంది. కోర్టుల్లో అయితే ఇది చట్టమే. సాక్ష్యాన్ని ఉన్నదున్నట్టు చెప్పాల్సిన బాధ్యత ఇంటర్‌ప్రెటర్‌దని పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 282వ సెక్షన్‌లో ఉండేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 317వ సెక్షన్‌లో ఉంది.

ఇక కోర్సులు. ఇగ్నోలో అనువాదంలో పీజీ డిప్లొమా ఉంది, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువాద అధ్యయనాలున్నాయి. అవి చాలావరకు రాతపనికి సంబంధించినవి, మీకు సగమే పనికొస్తాయి, డిక్షనరీ తిరగేసే తీరిక డాక్టరు ముందు దొరకదు కదా. అమెరికాలో ఆసుపత్రి ఇంటర్‌ప్రెటర్ల సర్టిఫికేషన్ పరీక్షకు కూర్చోవాలంటే కనీసం 40 గంటల శిక్షణ చూపించాలి. వైద్య పదాలు, గోప్యత, వృత్తి నియమాలు, నోట్స్, ఇవే అందులో ముఖ్యం. ఇదే జాబితా పెట్టుకుని ఇంట్లో మొదలుపెట్టవచ్చు: ఒడియా వార్తలు అర నిమిషం విని ఆపేసి తెలుగులో చెప్పండి, ఫోన్‌లో రికార్డు చేసుకుని ఏది జారిపోయిందో చూసుకోండి. మర్నాడు తెలుగు నుంచి ఒడియాకి. రెండో వైపు ఎప్పుడూ తడబడుతుంది, దానికే ఎక్కువ సమయం ఇవ్వండి.

ఒక్క సంగతి మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి. ఇప్పుడున్న పని వదిలేసి దీని మీద పడకండి. ఒడిశా పేషెంట్లు ఎక్కువగా వచ్చే ప్రైవేటు ఆసుపత్రుల హెల్ప్‌డెస్కుల్లో ముందు పార్ట్‌టైమ్‌గా అడిగి చూడండి.

ప్రశ్న: మా అమ్మాయికి తెలుగు, ఇంగ్లిష్ రెండూ బాగా వచ్చు. పెద్ద సభల్లో ఇంటర్‌ప్రెటర్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటూనే మాట్లాడేస్తుంటారు, అదెలా సాధ్యం? (సీతమ్మధార)

జవాబు: సాధనే. 1945లో నాజీ నాయకుల మీద మొదలైన న్యూరెంబర్గ్ విచారణలో ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్, రష్యన్ నాలుగింటికీ ఇలాగే నడిపించారు, ఈ పద్ధతికి పేరొచ్చింది అక్కడే. ఎంత ఆరితేరినవాళ్లైనా ఒక్కరే గంటలకొద్దీ చేయలేరు, ఇంటర్‌ప్రెటర్ల కేబిన్‌లో ఇద్దరు కూర్చుని 20, 30 నిమిషాలకోసారి మారతారు. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి, “మంత్రిగారు నిన్నటి సమావేశానికి...” అన్నాక వచ్చారో రాలేదో తేలేదాకా ఇంగ్లిష్ వాక్యాన్ని గాల్లో పట్టుకుని ఉండాలి. అంకెలొస్తే మరీ టెన్షన్, 3.5 మిలియన్ అని వినపడగానే 35 లక్షలు అని నోటికి రావాలి. అమ్మాయిని మొదట ఒకే భాషలో, విన్నది విన్నట్టు ఒక క్షణం వెనకగా పలకమనండి. లోక్‌సభలో తెలుగు ప్రసంగాలకూ ఇంటర్‌ప్రెటర్లున్నారు, కాబట్టి ఆ సచివాలయం ఇచ్చే ఉద్యోగ ప్రకటనల మీద ఓ కన్నేసి ఉంచండి. కానీ పైన గాజువాక ఆవిడకి చెప్పిన నోట్స్ పద్ధతి చేతికి రాకుండా కేబిన్ జోలికి వెళ్లొద్దని చెప్పండి.