అమ్మాయికి రోబోల పిచ్చి, నాన్నకి 28 ఏళ్ల బెంగ

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. టీజీ ఈఏపీసెట్‌లో 11 వేల లోపు ర్యాంకు వచ్చింది. రోబోల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. వరండాలో నల్ల టేపు అతికించి దాని మీద చిన్న బండి నడుపుతుంటుంది. అది వంకరటింకరగా పోతే రాత్రి పదకొండు దాకా ఏవో నంబర్లు మారుస్తూ కూర్చుంటుంది. ఒక కాలేజీవాళ్లు ‘రోబోటిక్స్ అండ్ ఏఐ’ బ్రాంచిలో సీటు ఇస్తామంటున్నారు. మా తోడల్లుడి కొడుకు సీఎస్‌ఈ చేసి క్యాంపస్‌లోనే మంచి ప్యాకేజీ తెచ్చుకున్నాడు. రోబోటిక్స్ మంచిదా, సీఎస్‌ఈయా, ఈసీఈయా? రీసెర్చ్ అంటే 28 ఏళ్లు వచ్చేదాకా చదువేనట, నిజమేనా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ ఉత్తరంలో మూడు బ్రాంచిలున్నాయి, తోడల్లుడి కొడుకు ప్యాకేజీ ఉంది, 28 అన్న అంకె ఉంది. పెళ్లి అన్న మాట రాయలేదు గానీ, రాయకపోయినా కనిపిస్తూనే ఉంది. కౌన్సెలింగ్ రోజులొస్తే చాలు, ఊరి పేరు మారి ఇదే ఉత్తరం నాకు వస్తుంటుంది. అందుకే బ్రాంచిల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ 28 సంగతి తేల్చేద్దాం.

పీహెచ్‌డీ దాకా వెళ్తే 28 అన్నది ఇంచుమించు నిజమే. బీటెక్ అయ్యేసరికి పాపకి ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి. ప్రవేశ పరీక్ష గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు స్టైపెండ్ వస్తుంది. పీహెచ్‌డీకి వెళ్తే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) కింద నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000. ఇంటి అద్దె భత్యం వేరే. ఈ ఫెలోషిప్‌కి 2023 జనవరి నుంచి అమలైన రేట్లివి. సాఫ్ట్‌వేర్ జీతంతో పోలిస్తే తక్కువే, కాదనను. కానీ ఆ వయసులో ఆమె మీ దగ్గర చెయ్యి చాచే పరిస్థితిలో ఉండదు. పైగా రీసెర్చ్ అంటే పీహెచ్‌డీ ఒక్కటే అనుకోవద్దు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓలో సైంటిస్ట్-బి పోస్టుకి బీటెక్, మంచి గేట్ స్కోరు ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. క్షిపణుల గైడెన్స్, కంట్రోల్ మీద పనిచేసే వాళ్ల ల్యాబ్ ఆర్‌సీఐ హైదరాబాద్‌లోనే ఉంది. ఇక పీహెచ్‌డీ చేస్తూ పెళ్లి చేసుకోకూడదన్న రూలు ఏ యూనివర్సిటీలోనూ లేదు. సీఎస్‌ఈ చదివినంత మాత్రాన 23కే పెళ్లి కుదురుతుందన్న గ్యారంటీ కూడా ఎవరూ ఇవ్వరు.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. ‘ఏవో నంబర్లు’ అని రాశారు చూశారా, అక్కడ నాకు కోపం వచ్చింది. ఆ నంబర్లు ఏమిటని ఒక్కసారైనా అడిగారా?

అవి మూడు ఉంటాయి. బండి ముందు భాగంలో సెన్సర్లు టేపుని చూస్తుంటాయి. మధ్యలోంచి ఎంత పక్కకి జరిగామన్న దాన్నిబట్టి చక్రాలు ఎంత తిప్పాలో మొదటి నంబరు చెబుతుంది. అది తక్కువైతే మలుపు దగ్గర బండి టేపు వదిలేస్తుంది. ఎక్కువైతే అటోసారి ఇటోసారి తూలుతుంది. పక్కకి ఎంత జోరుగా జరుగుతున్నామో చూసి ఆ తూలుడికి బ్రేకు వేసేది ఇంకో నంబరు. ఎప్పట్నుంచో కొద్దికొద్దిగా ఒకే పక్కకి లాగుతుంటే ఆ బాకీ లెక్కగట్టి సరిచేసేది మిగిలినది. దీన్నే పీఐడీ కంట్రోల్ అంటారు. 1922లో నికొలస్ మినోర్‌స్కీ అనే ఇంజినీరు, ఓడలో చుక్కాని పట్టినవాడు దాన్ని ఎలా తిప్పుతాడో గమనించి ఆ ఒడుపుని గణితంలో పెట్టాడు. ఈనాటికీ డ్రోన్ గాల్లో నిలకడగా ఆగాలన్నా, ఫ్యాక్టరీ బాయిలర్‌లో వేడి హద్దు దాటకూడదన్నా ఎక్కువగా వాడేది ఇదే. మీ వరండాలో రాత్రి పదకొండు దాకా జరుగుతున్న పని అది.

ఆ పని నుంచి రీసెర్చ్‌కి ఎంత దూరమో చెబుతాను. ఇవాళ సరిగ్గా నడిచిన బండి రేపు బ్యాటరీ ఛార్జింగ్ తగ్గాక మళ్లీ తడబడవచ్చు. నంబర్లు అవే, మోటార్ల జోరు మారింది. మళ్లీ మార్చుకుంటే ఆటబొమ్మకి సరిపోతుంది. మనిషి పొట్టలో ఆపరేషన్ చేసే రోబోకి ఆ వీలు ఉండదు. ఏ మార్పు వచ్చినా అదుపు తప్పదని కాగితం మీద ముందే నిరూపించాలి, తర్వాత అసలు యంత్రం మీద చూపించాలి. రోబోని అదుపు చేసే లెక్క కంప్యూటర్‌లో సెకనుకి వెయ్యిసార్లు చేయాల్సి రావచ్చు. ఆలస్యంగా వచ్చిన సరైన జవాబు అక్కడ తప్పు జవాబే. గణితం, మోటారు, చిప్పు ఈ మూడూ కలిసే చోటే మీ అమ్మాయి చేస్తానంటున్న రీసెర్చ్.

అలాంటప్పుడు రోబోటిక్స్ బ్రాంచి ఎగిరి గంతేసి తీసుకోవాలి కదా అంటారు. నాకు అక్కడే అనుమానం. నాలుగేళ్ల కిందట నేనే ఇద్దరు పిల్లలకి ఈ కొత్త బ్రాంచి చెప్పాను. ఒకరికి మంచి ల్యాబ్, మంచి గైడ్ దొరికారు. రెండో కుర్రాడు థర్డ్ ఇయర్‌లో నా దగ్గరికొచ్చి, ‘‘రోబో చెయ్యి ఒకటి ఉంది సార్, అద్దాల బీరువాలో. తాళంచెవి హెచ్‌ఓడీ గారి దగ్గర’’ అన్నాడు. ఆ తర్వాత ఎవరికీ అంత ధీమాగా చెప్పలేకపోతున్నాను. చాలాచోట్ల బోర్డు మారింది గానీ పాఠం చెప్పేవాళ్లు మారలేదు. మెకానికల్ కొంచెం, ఎలక్ట్రానిక్స్ కొంచెం, పైథాన్ కొంచెం రుచి చూపించి వదిలేస్తారు. గేట్‌లో రోబోటిక్స్ అనే పేపరే లేదు. ఇస్రో, డీఆర్‌డీఓ నోటిఫికేషన్లలో ఎక్కువగా కనిపించేవి ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ లాంటి పాత పేర్లే. మీ డిగ్రీ వాటితో సమానమా కాదా అని తేల్చుకునే తిప్పలు అప్పుడు పిల్లే పడాలి. బ్రోషర్‌లో హ్యూమనాయిడ్ ఫొటో చూసి లక్షలు కట్టేముందు, ఫస్ట్ ఇయర్ పిల్లల్ని ల్యాబ్ మెషిన్ ముట్టుకోనిస్తారా అని అక్కడి సీనియర్లని అడగండి. ఆఫీసులో అడిగితే ఇస్తామనే అంటారు.

మీరడిగిన పోలిక క్లుప్తంగా చెబుతాను. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) లేదా ఈఈఈ (ఎలక్ట్రికల్), అదీ దొరికినంతలో మంచి కాలేజీలో, ఇది నా మొదటి మాట. రెండింటిలోనూ కంట్రోల్ సిస్టమ్స్, అంటే ఆ మూడు నంబర్ల వెనకున్న శాస్త్రం, ఒక సబ్జెక్టుగా ఉంటుంది, ఆ గేట్ పేపర్లలోనూ ఉంటుంది. గేట్ సీఎస్ పేపర్‌లో లేదు. సెన్సర్లు, చిప్పుల మీద మనసుంటే ఈసీఈ. మోటార్లు, డ్రైవ్‌ల మీద ఉంటే ఈఈఈ. సీఎస్‌ఈలో చేరినా దారి మూసుకుపోదు. రోబో కెమెరాతో చూసి దారి వెతుక్కోవడం దాదాపు కంప్యూటర్ సైన్సే. లీనియర్ ఆల్జీబ్రా అనే గణితం, సీ++ కోడింగ్ మాత్రం ఏ బ్రాంచిలోనైనా తప్పవు.

తర్వాతి మెట్లు మరీ దూరంగా లేవు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో రోబోటిక్స్ రీసెర్చ్ సెంటర్ ఉంది. బీటెక్ అయ్యాక వాళ్ల ప్రవేశ పరీక్ష పీజీఈఈ రాసి అక్కడ ఎంఎస్ బై రీసెర్చ్‌కి ప్రయత్నించవచ్చు. సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ హైదరాబాద్ వాళ్లకి డ్రైవర్ లేని వాహనాల్ని పరీక్షించే టిహాన్ ట్రాక్ ఉంది. ఐఐటీ బాంబేలో సిస్టమ్స్ అండ్ కంట్రోల్‌కి ప్రత్యేక విభాగమే ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో రోబోటిక్స్ అండ్ అటానమస్ సిస్టమ్స్ ఎంటెక్ ఉంది.

మధ్యలో మనసు మారితే? మారొచ్చు, పద్దెనిమిదేళ్ల పిల్ల. అప్పుడు కూడా చేతిలో ఈసీఈ డిగ్రీ, కోడింగ్, ఎలక్ట్రానిక్ బోర్డులతో పనిచేసిన అనుభవం ఉంటాయి. జడ్‌ఎఫ్, హ్యుందాయ్ మోబిస్ లాంటి ఆటోమొబైల్ కంపెనీల ఇంజినీరింగ్ సెంటర్లు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. బ్రేకులు, స్టీరింగ్ లాంటి వాటి వెనక ఉండే కోడ్ రాసేది ఇలాంటి చదువు చదివినవాళ్లే. కావాలంటే తోడల్లుడి కొడుకు చేసే ఉద్యోగానికీ వెళ్లొచ్చు. అతను ఇటు రావాలంటే మాత్రం కొంచెం కష్టం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో, హాస్టల్ ఎంతవుతుందో మీరు చూడండి. అది తండ్రి పని. వెబ్ ఆప్షన్ల వరస మాత్రం అమ్మాయినే పెట్టనివ్వండి. ఓటీపీ ఎలాగూ మీ ఫోన్‌కే వస్తుంది కదా, అది చదివి చెప్పండి చాలు.